కోడ్‌లో 16, తెరపై ఇంకేదో: మొబైల్ యాప్‌లో తుది స్టైల్ ఎక్కడ తేలుతుంది?

క్లుప్తంగా: వెబ్ బ్రౌజర్‌లో ఒక ఎలిమెంట్‌కి చివరికి ఏ స్టైల్ వర్తించిందో చూపే పలక ఒకటుంది. మొబైల్ యాప్‌లలో, ముఖ్యంగా జావాస్క్రిప్ట్‌తో ఫోన్ యాప్‌లు కట్టే రియాక్ట్ నేటివ్‌లో, దానికి సరిసమానమైనది లేదు. విలువ కొంత జావాస్క్రిప్ట్‌లో, కొంత లేఅవుట్ ఇంజిన్‌లో, మిగతాది ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేలుతుంది. ఒక్కో ఇన్‌స్పెక్టర్ వీటిలో ఒక్కో చోట నిలబడి చూస్తుంది. అందుకే రెండు టూల్స్ రెండు రకాలుగా చెప్పినా రెండూ నిజమే కావచ్చు.

ఎవరూ రాయని జంట

ఒక రియాక్ట్ నేటివ్ యాప్‌లో చిరునామా ఫారం ఉందనుకుందాం. పేరు, ఊరు, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్. ఇంగ్లిష్‌లో నడిపి చూసినప్పుడు అన్నీ కుదురుగానే ఉన్నాయి. భాష తెలుగుకి మార్చగానే 'పేరు', 'ఊరు' బాగానే వచ్చాయి. 'జిల్లా'లో ల వత్తు అంచుకు తగులుతోంది. 'రాష్ట్రం' దగ్గరికి వచ్చేసరికి ష కింది వత్తుల అడుగు తెగిపోయింది. టెస్టర్ స్క్రీన్‌షాట్ తీసి బగ్ వేశారు. డెవలపర్ ఆ స్క్రీన్ ఫైల్ తెరిచి చూస్తే ఫాంట్‌సైజ్ 16 అని ఉంది. అందులో తప్పేమీ లేదు.

తప్పు వేరే ఫైల్లో ఉందా అంటే, అక్కడా లేదు. యాప్ అంతటా వాడే 'లేబుల్' కాంపొనెంట్‌లో ఫాంట్‌సైజ్ 14, లైన్‌హైట్ (ఒక వరసకిచ్చే ఎత్తు) 18 అని రాసి ఉంది. 14కి 18 సబబైన లెక్కే. ఫారం స్క్రీన్ ఆ కాంపొనెంట్‌కి ఫాంట్‌సైజ్ 16 ఒక్కటే పంపింది. రెండూ కలిసినప్పుడు 14 పోయి 16 వచ్చింది, 18 మాత్రం అలాగే ఉండిపోయింది. 16కి 18 అనే జంటను ఎవరూ రాయలేదు, ఎవరూ కోరుకోలేదు. యాప్ నడుస్తుండగా అది పుట్టింది. లాటిన్ అక్షరాలకు ఆ చోటు ఎలాగో సరిపోయింది. ఒకే అక్షరం కింద వేలాడే రెండు వత్తులకు సరిపోలేదు.

ఇదే వెబ్‌పేజీలో జరిగితే కనిపెట్టడానికి అర నిమిషం చాలు. కుడి క్లిక్, ఇన్‌స్పెక్ట్, కంప్యూటెడ్ ట్యాబ్. 16, 18 ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఏ విలువ ఏ స్టైల్‌షీట్‌లో ఏ వరస నుంచి వచ్చిందో కూడా అక్కడే తెలుస్తుంది. వెబ్ నుంచి మొబైల్‌కి వచ్చిన డెవలపర్లు ముందుగా వెతికేది ఈ ట్యాబ్ కోసమే. అది దొరకదు.

బ్రౌజర్‌కి అంత సులువెందుకు

వెబ్‌పేజీల స్టైల్ రాసే భాష సీఎస్‌ఎస్. దాని స్పెసిఫికేషన్ ఒక ప్రాపర్టీ విలువను ఆరు దశల్లో చూస్తుంది. స్టైల్‌షీట్లలో రాసినవన్నీ డిక్లేర్డ్ విలువలు. వాటిలో పోటీ నెగ్గినది క్యాస్కేడెడ్. ఎవరూ ఏమీ రాయకపోతే తల్లి ఎలిమెంట్ నుంచో, ప్రాపర్టీ తొలి విలువ నుంచో తెచ్చి నింపితే అది స్పెసిఫైడ్. సాపేక్షంగా రాసిన కొలతలను లేఅవుట్ అవసరం లేకుండా వీలైనంత వరకు విప్పితే కంప్యూటెడ్. లేఅవుట్ పూర్తయ్యాక తేలేది యూజ్డ్. తెర గీయగలిగినదానికి సర్దుకున్నది యాక్చువల్.

ఇందులో అసలు కిటుకు మూడో దశలో ఉంది. ఏ ప్రాపర్టీనీ ఖాళీగా వదలకూడదన్నది అక్కడి నియమం. రంగు రాయకపోయినా రంగు ఉంటుంది, మార్జిన్ రాయకపోయినా 0 అని ఉంటుంది. అంటే ప్రతి ఎలిమెంట్‌కీ పూర్తి విలువల పట్టీని బ్రౌజర్ తన పనికోసం ఎలాగూ తయారుచేసుకోవాలి. కంప్యూటెడ్ ట్యాబ్ చేసేదల్లా ఆ పట్టీని బయటికి చూపడమే. 2006లో ఫైర్‌ఫాక్స్‌కి ఫైర్‌బగ్ వచ్చాక ఈ చూసే పద్ధతి డెవలపర్లకు అలవాటైంది. తర్వాత అన్ని బ్రౌజర్లూ దాన్ని తమలోనే కలుపుకున్నాయి.

అక్కడా పేరు కాస్త వదులుగానే ఉంది. 'గెట్ కంప్యూటెడ్ స్టైల్' అనే ఫంక్షన్‌ను ఎలిమెంట్ వెడల్పు అడిగితే, తెరపై కనిపిస్తున్న మామూలు ఎలిమెంట్లకు అది లేఅవుట్ తర్వాతి పిక్సెల్ లెక్క ఇస్తుంది. పేరు కంప్యూటెడ్, చేతికొచ్చేది యూజ్డ్. దశలు వేరని తెలియకపోయినా వెబ్‌లో పని జరిగిపోతుంది, ఎందుకంటే ఆరు దశలూ నడిపేది ఒకే ఇంజిన్. మొబైల్‌లో ఆ సౌకర్యం లేదు.

పేర్లు అవే, నియమాలు వేరు

రియాక్ట్ నేటివ్ 2015 మార్చిలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులో మార్జిన్, ప్యాడింగ్, ఫ్లెక్స్, బోర్డర్ అన్నీ సీఎస్‌ఎస్ పేర్లే. తికమక అక్కడే మొదలవుతుంది. ఏ నియమం ఏ ఎలిమెంట్‌కో చెప్పే సెలెక్టర్లు లేవు, కాబట్టి నియమాల మధ్య పోటీ తేల్చే క్యాస్కేడ్ లేదు. వారసత్వం కూడా ఒక్క చోటే ఉంది: టెక్స్ట్ లోపల ఇంకో టెక్స్ట్ పెడితే లోపలిదానికి బయటిదాని ఫాంట్, రంగు వస్తాయి. వ్యూ (ఇతర ఎలిమెంట్లను పట్టుకునే పెట్టె) మీద ఫాంట్ రాస్తే లోపలి టెక్స్ట్‌కి చేరదు. డిఫాల్ట్‌లూ మారిపోయాయి. ఫ్లెక్స్ దిశ వెబ్‌లో అడ్డంగా ఉంటే ఇక్కడ నిలువుగా, ఫ్లెక్స్ ష్రింక్ వెబ్‌లో 1 అయితే ఇక్కడ 0.

ఇది పొరపాటున జరిగినది కాదు. ఫేస్‌బుక్ ఇంజినీరు క్రిస్టఫర్ షెడో 2014 నవంబర్‌లో ఇచ్చిన ప్రసంగంలో, పెద్ద యాప్‌లలో సీఎస్‌ఎస్ పేర్లన్నీ ఒకే ఉమ్మడి ఆవరణలో ఉండటం, ఏ నియమం దేన్ని కొడుతుందో తెలియకపోవడం వంటి సమస్యలను లెక్కపెట్టి, స్టైల్‌ని జావాస్క్రిప్ట్‌లోనే రాయాలన్నారు. రియాక్ట్ నేటివ్‌లో స్టైల్ అంటే కాంపొనెంట్‌కి పంపే మామూలు ప్రాప్ (బయటి నుంచి ఇచ్చే విలువ), అంతే. రెండు మూడు స్టైళ్లను ఒక వరసలో పెట్టి పంపవచ్చు. ఎడమ నుంచి కుడికి కలుపుతూ పోతారు, చివరిది నెగ్గుతుంది, ఖాళీవి వదిలేస్తారు. ఈ కలిపే పని చేసే 'స్టైల్‌షీట్ ఫ్లాటెన్' అనే ఫంక్షన్ డెవలపర్లకూ అందుబాటులో ఉంది. మన లేబుల్ స్టైల్‌ని దానికిచ్చి కన్సోల్‌లో అచ్చువేస్తే 16, 18 జంట వెంటనే బయటపడుతుంది. చాలామంది మరిచిపోయే చవకైన టూల్ ఇదే.

క్యాస్కేడ్ తీసేయడం వల్ల 'ఎవరు నెగ్గారు' అన్న ప్రశ్న చాలావరకు తేలికైంది. దానితోపాటు ఖాళీలు నింపే దశ కూడా జావాస్క్రిప్ట్ వైపు నుంచి మాయమైంది. ఎవరూ రాయని విలువ జావాస్క్రిప్ట్‌కి తెలియదు. ఫాంట్‌సైజ్ రాయకపోతే 14 వస్తుంది, కానీ ఆ 14 ఏ స్టైల్ ఆబ్జెక్ట్‌లోనూ ఉండదు. దాన్ని నేటివ్ వైపు, అంటే ఫోన్ సొంత వ్యవస్థ వైపు ఉండే కోడ్ పెట్టుకుంటుంది.

దీనివల్ల వచ్చే చిక్కు ఆండ్రాయిడ్ డార్క్ మోడ్‌లో బాగా కనిపిస్తుంది. టెక్స్ట్ ఇన్‌పుట్ వెనక తెల్ల రంగు రాసి, అక్షరాల రంగు రాయకుండా వదిలేస్తారు. పగటి థీమ్‌లో అక్షరాలు నల్లగా వస్తాయి. ఫోన్ డార్క్ మోడ్‌లోకి వెళ్తే, యాప్ థీమ్ డే నైట్ రకమైతే (ఫోన్ మోడ్‌ని బట్టి మారేదైతే), ఆండ్రాయిడ్ థీమ్ అక్షరాలకు తెలుపు ఇస్తుంది. తెలుపు మీద తెలుపు: యూజర్ టైప్ చేస్తున్నా ఏమీ పడనట్టే ఉంటుంది. రియాక్ట్ నేటివ్ సొంత ఎలిమెంట్ ఇన్‌స్పెక్టర్‌లో ఆ పెట్టెను ఎంచుకుంటే రంగు అనే వరసే ఉండదు. తప్పు విలువ కనిపిస్తే పట్టుకోవచ్చు, లేని వరసను పట్టుకోవడం కష్టం.

విలువ మజిలీలు

కలిపిన స్టైల్ తర్వాత యోగా అనే లేఅవుట్ ఇంజిన్‌కి వెళ్తుంది. వెడల్పు, ఎత్తు, స్థానం అక్కడ తేలతాయి. 'ఫ్లెక్స్ 1' అని రాసినది 137.14 డీపీ (తెర సాంద్రతతో మారని కొలత) అవుతుంది. అది భౌతిక పిక్సెల్‌కి సరిపడేలా సవరించేదీ యోగానే. ఈ సంఖ్యలు స్టైల్ ఆబ్జెక్ట్‌లోకి తిరిగి రావు. ఆన్‌లేఅవుట్ ద్వారానో, మెజర్ ఫంక్షన్ ద్వారానో అడిగి తెలుసుకోవాలి.

అక్కడి నుంచి నేటివ్ వ్యూకి. ఫాంట్ ఫైల్ దొరికిందా, అడిగిన మందం ఆ ఫాంట్‌లో ఉందా, యూజర్ ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు ఎంత పెంచుకున్నారు, థీమ్ ఏమిటి, ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో ఉంటాయి. ఇక యానిమేషన్ నేటివ్ డ్రైవర్‌తో నడుస్తుంటే ఒపాసిటీ (ఎంత స్పష్టంగా కనిపించాలన్న విలువ) సెకనుకి పదుల సార్లు నేటివ్ వైపే మారుతుంది. ఆ సంగతి జావాస్క్రిప్ట్ వైపు ప్రాప్‌కి తెలియదు. తెరపై సగం మాయమైన బటన్‌కి ఇన్‌స్పెక్టర్ ఒపాసిటీ 1 అని చూపవచ్చు. అది అబద్ధం ఆడటం లేదు, తన మజిలీలో ఉన్నదే చెబుతోంది.

ఏ టూల్ ఎక్కడ నిలబడి చూస్తుంది

రియాక్ట్ నేటివ్ డెవ్ మెనూలోని ఎలిమెంట్ ఇన్‌స్పెక్టర్ అన్నిటికన్నా దగ్గరి దారి. తెరపై ఒక చోట తాకితే ఆ కాంపొనెంట్ పేరు, దాని తల్లుల వరస, కలిపిన స్టైల్, మార్జిన్, ప్యాడింగ్‌ల పెట్టె బొమ్మ వస్తాయి. అంటే మొదటి మజిలీ పూర్తిగా, రెండోదానిలో కొంత. లోపలి టెక్స్ట్‌కి బయటి టెక్స్ట్ నుంచి వచ్చిన ఫాంట్ మాత్రం అక్కడ కనిపించదు. తల్లి పేరు మీద తాకి విడిగా చూడాలి. రియాక్ట్ డెవ్‌టూల్స్‌లోని కాంపొనెంట్స్ పలక కూడా ఇదే మజిలీలో ఉంటుంది. విలువను అక్కడికక్కడ మార్చి ఫలితం చూసే వీలు దాని ప్రత్యేకత.

నేటివ్ వైపు చూడటానికి కొన్నేళ్లు ఫ్లిప్పర్ ఉండేది. ఫేస్‌బుక్ 2018లో విడుదల చేసింది. 2020లో వచ్చిన రియాక్ట్ నేటివ్ 0.62 నుంచి కొత్త ప్రాజెక్టుల్లో సిద్ధంగా ఉండేది. దాని లేఅవుట్ ప్లగిన్ నేటివ్ వ్యూలను వాటి లెక్కలతో సహా చూపేది. బిల్డ్‌లో అది పెట్టే ఇబ్బందులు కూడా తక్కువేమీ కావు. 0.73లో దానికి స్వస్తి ప్రకటించారు, 0.74 నుంచి కొత్త ప్రాజెక్టుల్లో లేదు. 2024 అక్టోబర్‌లో 0.76తో వచ్చిన రియాక్ట్ నేటివ్ డెవ్‌టూల్స్ రూపురేఖల్లో క్రోమ్ డెవ్‌టూల్స్‌లాగే ఉంటుంది. బ్రేక్‌పాయింట్లు, కన్సోల్, కాంపొనెంట్స్ అన్నీ అందులో ఉన్నాయి. కానీ క్రోమ్‌లో అందరూ ముందు తెరిచే ఎలిమెంట్స్ పలక అందులో రాలేదు. అచ్చం క్రోమ్‌లా కనిపించే కిటికీలో అది లేకపోవడంతో, తామే ఏదో సెట్టింగ్ మరిచిపోయామని అనుకునేవారు ఎక్కువ.

నేటివ్ మజిలీని చూడాలంటే ఆండ్రాయిడ్ స్టూడియోలోని లేఅవుట్ ఇన్‌స్పెక్టర్, ఐఫోన్ యాప్‌లు కట్టే ఎక్స్‌కోడ్‌లోని వ్యూ డీబగ్గర్ మిగిలాయి. అక్కడికి వెళ్లినవారికి ఇంకో ఆశ్చర్యం ఎదురవుతుంది: కోడ్‌లో ఉన్న కొన్ని వ్యూలు ఆ చెట్టులో ఉండవు. గీయడానికి ఏమీ లేకుండా అమరిక కోసమే ఉన్న వ్యూలను రియాక్ట్ నేటివ్ నేటివ్ చెట్టు నుంచి ఎగరగొడుతుంది. పని తేలిక కావడానికే ఈ ఏర్పాటు. ఫలానా వ్యూ కనబడి తీరాలంటే దానికి 'కొలాప్సబుల్' ప్రాప్‌ని ఫాల్స్ అని పెట్టి మళ్లీ చూడాలి.

ఆండ్రాయిడ్, ఫ్లట్టర్ దారులు

పూర్తి ఆండ్రాయిడ్ యాప్‌లో పరిస్థితి మెరుగు. అక్కడ క్యాస్కేడ్ లేకపోయినా వరస ఉంది. టెక్స్ట్‌లో కొంత భాగం మీద వేసిన స్పాన్ అన్నిటికన్నా బలమైనది, ఆ తర్వాత కోడ్‌లో పెట్టినది, తర్వాత ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో వ్యూ మీదే రాసినది, తర్వాత దానికిచ్చిన స్టైల్, డిఫాల్ట్ స్టైల్, థీమ్. ఆశ్చర్యంగా, అక్షరాల స్టైల్‌ని ఒకచోట కట్టిపెట్టే టెక్స్ట్ అప్పియరెన్స్ అన్నిటికన్నా కిందుంటుంది. థీమ్‌లో ఒక ప్రాపర్టీ నేరుగా రాసి ఉంటే, టెక్స్ట్ అప్పియరెన్స్‌లో ఎంత శ్రద్ధగా రాసినా వృథా. 2020లో ఆండ్రాయిడ్ స్టూడియో 4.0తో వచ్చిన లైవ్ లేఅవుట్ ఇన్‌స్పెక్టర్ ఈ వరసను విప్పి చూపుతుంది: నెగ్గిన విలువ పైన, ఓడిపోయినవి కింద, ఒక్కోటి ఏ ఫైల్ నుంచి వచ్చిందో పక్కన. బ్రౌజర్ కంప్యూటెడ్ ట్యాబ్‌కి మొబైల్‌లో దగ్గరి చుట్టం ఇదే. రియాక్ట్ నేటివ్ యాప్‌ని ఇందులో తెరిస్తే విలువ కనిపిస్తుంది కానీ ఏ జావాస్క్రిప్ట్ ఫైల్ నుంచి వచ్చిందో తెలియదు.

యాప్‌లు కట్టే మరో టూల్‌కిట్ ఫ్లట్టర్ ఇంకో దారి పట్టింది. అక్కడ ప్రతి పిక్సెల్‌నీ ఫ్లట్టరే గీస్తుంది కాబట్టి విలువలన్నీ ఒకే ఇంజిన్‌లో ఉంటాయి. రాయని స్టైల్ ఏమవుతుందో అది దాచుకోదు కూడా. మెటీరియల్ యాప్‌లో స్కాఫోల్డ్ గానీ మెటీరియల్ గానీ (స్టైల్ అందించే విడ్జెట్లు) తల్లిగా లేకుండా టెక్స్ట్ పెడితే, 48 సైజులో ఎర్రటి అక్షరాలు, కింద రెండు పసుపు గీతలు వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు హడలిపోతారు. కానీ అది కావాలని చేసిన పని: ఈ టెక్స్ట్‌కి స్టైల్ ఎక్కడి నుంచీ రాలేదని చూడగానే తెలియాలి. ఆ స్టైల్‌కి లోపల పెట్టిన డీబగ్ పేరు కూడా టెక్స్ట్‌ని మెటీరియల్‌లో పెట్టమనే చెబుతుంది. తెలుపు మీద తెలుపు కన్నా ఈ మొరటుతనమే మేలు.

వెబ్‌వ్యూతో (యాప్ లోపల వెబ్‌పేజీ చూపే భాగంతో) కట్టిన యాప్‌లకు అసలు ఈ చిక్కే లేదు. లోపల బ్రౌజరే కాబట్టి కేబుల్ పెట్టి క్రోమ్‌లోనో సఫారీలోనో తెరవవచ్చు. ఐఓఎస్ 16.4 నుంచి మాత్రం ఇన్‌స్పెక్ట్ చేయడానికి వెబ్‌వ్యూలో అనుమతి ఇవ్వాలి.

కొలతల లెక్క

ఇన్‌స్పెక్టర్లు ఒకే విలువను వేర్వేరు కొలతల్లో చూపడం ఇంకో గందరగోళం. ఆండ్రాయిడ్‌లో 1 డీపీ అంటే 160 డీపీఐ తెరపై 1 పిక్సెల్. 420 డీపీఐ ఫోన్‌లో దాన్ని 2.625తో గుణించాలి. 16 అక్కడ 42 పిక్సెల్స్, 480 డీపీఐ ఫోన్‌లో 48. రియాక్ట్ నేటివ్ టూల్ 16 అని, స్క్రీన్‌షాట్‌ని కొలిచిన డిజైనర్ 42 అని అంటే గొడవ పడాల్సిందేమీ లేదు.

అక్షరాలకు దీనిమీద యూజర్ పెంపు కలుస్తుంది. 1.3 రెట్లు పెట్టుకున్న ఫోన్‌లో 16 కాస్తా 20.8 అవుతుంది. రియాక్ట్ నేటివ్‌లో లైన్‌హైట్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. కానీ బయటి పెట్టెకు ఎత్తు 30 అని రాసి ఉంటే అది 30 దగ్గరే ఉంటుంది. ఎలిమెంట్ ఇన్‌స్పెక్టర్ ఇప్పటికీ ఫాంట్‌సైజ్ 16 అనే అంటుంది, ఎందుకంటే పెంపు జరిగేది తర్వాతి మజిలీలో. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 పెంపును 200 శాతం వరకు అనుమతించింది. అంతకుముందు పిక్సెల్ ఫోన్లలో 130 శాతమే గరిష్ఠం. పైగా ఆ పెంపు సరళరేఖలో ఉండదు: చిన్న అక్షరాలు బాగా పెరుగుతాయి, పెద్ద శీర్షికలు తక్కువ పెరుగుతాయి. ఒకే సంఖ్యతో గుణించి తుది సైజు ఊహించే పాత పద్ధతి అక్కడ పనికిరాదు.

తెలుగు దగ్గరే ఎందుకు బయటపడుతుంది

లాటిన్ అక్షరాల ఎత్తుల మధ్య తేడా తక్కువ కాబట్టి ఈ తప్పులు దాగి ఉంటాయి. తెలుగులో పైన గుడి, కింద వత్తులు ఉంటాయి. కొన్నిసార్లు ఒకే అక్షరం కింద రెండేసి. ఆండ్రాయిడ్ చాలాకాలం దీన్ని వేరే విధంగా సర్దింది. ఇంత ఎత్తున్న లిపులకు ఫాంట్‌ను రెండు రూపాల్లో ఉంచి, ఇంటర్‌ఫేస్‌కి నిలువునా కుదించిన రూపాన్ని వాడింది. బటన్లలో ఇరుకుగా ఇమిడేది, చదవడానికి కాస్త ఇబ్బందిగా ఉండేది. పూర్తి రూపం కావాలనుకునేవారికి 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 'ఎలిగెంట్ టెక్స్ట్ హైట్' అనే ఆట్రిబ్యూట్ ఇచ్చింది.

ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే యాప్‌లకు ఆ ఆట్రిబ్యూట్ డిఫాల్ట్‌గా ట్రూ అయింది. ఆండ్రాయిడ్ 16ను టార్గెట్ చేస్తే ఫాల్స్ అని రాసినా పట్టించుకోదు. తెలుగుతోపాటు కన్నడ, తమిళం, మలయాళం, గుజరాతీ, ఒడియా, అరబిక్, థాయ్, లావో, మయన్మార్ లిపులన్నిటికీ ఇదే వర్తిస్తుంది. స్టైల్ ఫైళ్లలో ఒక్క అక్షరం మారకుండా, బిల్డ్ సెట్టింగ్‌లో టార్గెట్ సంఖ్య పెంచినంత మాత్రాన తెలుగు వరసల ఎత్తు మారుతుంది. లేఅవుట్ ఇన్‌స్పెక్టర్‌లో టెక్స్ట్ సైజు పాతదే కనిపిస్తుంది, వ్యూ ఎత్తు మాత్రం పెరిగి ఉంటుంది. ఎత్తు కట్టేసిన చోట్ల వత్తులు తెగుతాయి. చదువరికి ఇది మంచి మార్పు. కుదించిన రూపాన్ని చూసి ఎత్తులు ఖరారు చేసుకున్న యాప్‌లకు మాత్రం స్క్రీన్లన్నీ మళ్లీ చూసుకునే పని పడింది.

చిరునామా ఫారానికి మళ్లీ వస్తే, లేబుల్ లైన్‌హైట్‌ని 26 చేసి, బయటి పెట్టె ఎత్తుని కనీస ఎత్తుగా మారిస్తే 'రాష్ట్రం' పూర్తిగా కనిపిస్తుంది. ఫ్లాటెన్ చేసి చూస్తే ఇప్పుడు 16, 26. ఆ ఫారానికి ఆటోమేటిక్ పరీక్ష కూడా ఉందనుకుందాం. ఇలాంటివాటిలో సాధారణంగా వాడే 'టు హావ్ స్టైల్' ఫాంట్‌సైజ్ 16 ఉందా అని అడుగుతుంది. అది స్టైల్‌ని కలిపి పోలుస్తుంది, అంతవరకే; ఈ పరీక్షలు నడిపే జెస్ట్‌లో యోగా నడవదు, ఫాంట్ గీయబడదు. వత్తులు తెగిన పాత బిల్డ్‌లోనూ ఆ పరీక్ష పచ్చగానే (నెగ్గినట్టే) ఉంది, సరిచేసిన కొత్త బిల్డ్‌లోనూ పచ్చగానే ఉంది.